ఉస్తాద్ చేతుల కోసం పెట్టిన మనవి

తెల్లవారుజామున, మెలకువకూ నిద్రకూ మధ్య ఉండే ఆ కాసేపట్లో, నాకు అప్పుడప్పుడు ఒక కారు అడుగుభాగం కనబడుతుంది. నేను దాని కింద వెల్లకిలా పడుకుని ఉంటాను. పైన ఇనుము మబ్బు పట్టిన ఆకాశంలా పరుచుకుని ఉంటుంది. ఒకచోట నూనె బొట్టు పుడుతుంది. నిదానంగా బరువెక్కి, తేనెరంగులో ఒక్క క్షణం వెలుగుతుంది. అది రాలేలోపే గోదావరి వైపు నుంచి చల్లగాలి వచ్చి నన్ను లేపేస్తుంది. లేచి మోకరించి ప్రార్థన చేసుకుంటాను.

జీవితమంతా నాందేడులో బండ్లు బాగుచేసి ఇంట్లో కూర్చున్న మనిషికి ఇలాంటి కలలు రావడం వింతేమీ కాదు. కానీ ఆ కారు ఏదో నాకు తెలుసు. అది మా సంఘం కారు.

గ్యారేజీల్లో పని నేర్చుకుంటున్న తమ్ముళ్ల కోసం ఇది రాస్తున్నాను. గేర్‌బాక్స్ నూనె కారితే ఎక్కడ చూడాలో ఇందులో కొంత ఉంది. సంఘంలో లేచి నిలబడి ప్రార్థన మనవులు చెప్పే అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ చదివినా మంచిదే. ఆ రోజుల్లో నేను రెండు పనులూ చేసేవాణ్ణి. రెండూ బాగా చేస్తున్నాననే అనుకునేవాణ్ణి.

మా నాన్న రైల్వేలో ఫిట్టరు. నిజామాబాద్ వైపు నుంచి బదిలీ మీద వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, బజారులో దక్కనీ హిందీ, ఆదివారం మళ్లీ తెలుగు. రైల్వే కుటుంబాలు కొన్ని కలిసి ఒక రేకుల షెడ్డులో మొదలుపెట్టిన సంఘం మాది. సండే స్కూల్లో నేను అధ్యాయాలకు అధ్యాయాలు చూడకుండా చెప్పేవాణ్ణి. వాక్యం నోట్లో ఉన్నవాడు పెద్ద తప్పులేవీ చేయడని చాలా ఏళ్లు నమ్మాను.

నేను పనిచేసిన గ్యారేజీ దెగ్లూర్ నాకా అనే చౌరస్తా దాటాక ఉండేది. నాది ఇంజన్ పని. గేర్‌బాక్స్ పని ఉస్తాద్‌ది. ఆయన నాకంటే పదేళ్లు పెద్ద. బిలోలి వైపు పల్లెలో పుట్టినవాడు కాబట్టి తెలుగు బాగా వచ్చు. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే. ప్రతి ఇంజన్ విప్పే ముందు నేను కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తానని నన్ను పాద్రీ సాబ్ అని పిలిచేవాడు. నేను మరీ ఎక్కువసేపు కళ్లు మూసుకుంటే, "పాద్రీ సాబ్, ఇంజన్ చచ్చిపోలేదు, జర దుమ్ము పట్టింది అంతే" అనేవాడు. ఆయన మాత్రం గేర్‌బాక్స్ ముట్టుకునే ముందు బిస్మిల్లా అనకుండా ఉండేవాడు కాదు. నా ప్రార్థనే పొడుగు, మీది పొట్టి అని నేను వెక్కిరించేవాణ్ణి.

ఇక కారు సంగతి. మా అయ్యగారు, అంటే మా సంఘ కాపరి, రెండు వారాలకొక ఆదివారం గోకుంద వెళ్లేవారు. కిన్వట్ పక్కనున్న ఆ ఊళ్లో మా తెలుగు కుటుంబాలు కొన్ని ఉన్నాయి. అక్కడ సాయంత్రం ఆరాధన జరిపి వచ్చేవారు. మూడు గంటల పైనే దారి. బస్సుల్లో వెళ్లి వెళ్లి ఆయన నడుము పాడైంది. అందుకని సంఘమంతా కలిసి ఒక పాత కారు కొన్నది. ఏడుగురు కూర్చునే బండి. దాన్ని ప్రతిష్ఠించే ఆరాధనకు ముందు రెండు రోజులు నా చేతికి అప్పగించారు.

ఆ రెండు రోజులు నా జీవితంలోని తియ్యటి రోజుల్లో లెక్క. గ్యారేజీకి సెలవు. మా ఇంటి ముందే వేపచెట్టు నీడలో బానెట్ తెరిచి పెట్టుకున్నాను. ఎవరి కంటికీ ఆనని చోట్లు కూడా డీజిల్ పోసి బ్రష్షుతో తోమాను. తర్వాత గేర్‌బాక్స్ పెట్టె మీద వెండిరంగు పెయింటు వేశాను. అది ఎవరూ చూసేది కాదు. అందుకే వేశాను. మనుషులకు కనబడని చోటును దేవుడు చూస్తాడు కదా అని. ఒక పూత చాలదనిపించి రెండోది, అది ఆరాక మూడోది. ఎండ ఆకుల మధ్య నుంచి పడి ఆ వెండి మీద కదులుతుంటే, నీళ్లలోకి చూస్తున్నట్టుగా ఉండేది. పాడుకుంటూ వేశాను. ఎంతసేపు వేశానో తెలియదు.

మొదటిసారి గోకుంద వెళ్లి వచ్చిన మర్నాడు అయ్యగారి వాకిట్లో బండల మీద నూనె మరకలు కనబడ్డాయి. గేర్‌బాక్స్ పక్కల నుంచి చక్రాలకు వెళ్లే కడ్డీల దగ్గర, ఒక్కో వైపు ఒక్కో రబ్బరు ఆయిల్ సీల్ ఉంటుంది. కుడివైపుది కారింది. ఉస్తాద్ మార్చాడు. నాలుగు రోజులు ఊళ్లో తిప్పి చూస్తే చుక్క లేదు. రెండోసారి గోకుంద వెళ్లి వస్తే ఎడమవైపు కారింది. ఉస్తాద్ అదీ మార్చాడు. మళ్లీ ఊళ్లో చుక్క లేదు.

ఆ రెండోసారి సీల్ బిగిస్తుండగా నేను పక్కనే ఉన్నాను. ఉస్తాద్ ట్రేలో నుంచి వాషర్ తీసుకోబోయాడు. వేళ్లు వణికి అది జారిపోయింది. మళ్లీ తీశాడు. మళ్లీ జారింది. మూడోసారి ట్రేనే వంచి అరచేతిలోకి దొర్లించుకున్నాడు. నన్ను చూడలేదు. నేను చూశాను. నా మనసులో లెక్క కుదిరిపోయింది. చేతులు వణుకుతున్నాయి, సీల్ వంకరగా కూర్చుంటున్నది, నూనె కారుతున్నది. ఆయనను ఏమీ అడగలేదు.

మాకు శుక్రవారం ప్రార్థన కూడిక ఉంటుంది. ఒక్కొక్కరు లేచి మనవి చెబుతారు, అందరూ కలిసి దాని కోసం ప్రార్థిస్తారు. ఒకరి జ్వరం, ఒకరి బదిలీ, ఒకరి కూతురి పరీక్ష. ఆ శుక్రవారం నేను లేచి, నాకు పని నేర్పిన పెద్దాయన చేతులు వణుకుతున్నాయని, దానివల్ల సంఘం బండి పనే సరిగా జరగడం లేదని, ప్రభువు ఆ చేతులను ముట్టాలని కోరాను. అమ్మలు కొంగుతో కళ్లొత్తుకున్నారు. ఇంటికి వెళ్లేటప్పుడు నా ప్రేమ నాకే గొప్పగా అనిపించింది. ఇదే మాట చాయ్ హోటల్లో చెప్పి ఉంటే చాడీ అనేవాణ్ణి. మోకాళ్ల మీద చెప్పాను కాబట్టి అలా అనిపించలేదు.

మూడోసారి గోకుంద నుంచి వచ్చేసరికి రెండు వైపులా కారింది. అయ్యగారే స్వయంగా బండి తెచ్చారు. ఆయన కల్మషం లేని మనిషి. మా సేట్, అంటే గ్యారేజీ యజమాని, మరాఠీ ఆయన. వాళ్ల నాన్న పోయాక గ్యారేజీ చూసుకుంటున్నాడు. అయ్యగారు ఆయనకు నమస్కారం పెట్టి, సేట్‌జీ మీరేం బాధపడకండి, మీ ఉస్తాద్ గారి చేతుల కోసం మా సంఘమంతా ప్రార్థిస్తున్నది అని చెప్పి వెళ్లిపోయారు.

సేట్‌కు అప్పటిదాకా ఆ సంగతి తెలియదు. నన్ను కాకా అనేవాడు, అంటే బాబాయి. లోపలికి పిలిచి, నిజమేనా కాకా అని అడిగాడు. నేను అబద్ధం ఆడను. నిజమే అన్నాను.

ఉస్తాద్‌ను కూడా పిలిపించాడు. కోపంగా మాట్లాడలేదు, అదే ఎక్కువ బాధ. ఉస్తాద్ తన తండ్రి కాలం నుంచి ఉన్న మనిషి కాబట్టి, సేట్ తల వంచుకుని చెప్పాడు. ఇప్పుడు కుడివైపు సీల్ ఉస్తాద్ వేస్తాడు, ఎడమవైపు కాకా వేస్తాడు. మళ్లీ గోకుంద వెళ్లే ఆదివారం కాకా కూడా బండిలో వెళ్లి, ఏ వైపు కారిందో చూసి వస్తాడు. ఉస్తాద్ వైపు కారితే గేర్‌బాక్స్ బల్ల వేరేవాళ్లకు ఇచ్చేస్తాను, ఉస్తాద్ ఇంట్లో విశ్రాంతి తీసుకుంటాడు.

ఉస్తాద్‌కు ఆ బల్ల తప్ప వేరే లోకం లేదు. భార్య పోయి ఆరేళ్లు. పొద్దున అందరికంటే ముందు వచ్చి ఆ బల్లను గుడ్డతో తుడిచేవాడు.

బయటికి వచ్చాక నన్ను అడిగాడు.

"సీల్ వంకరగ కూసున్నది నువ్వు చూసినవా?"

"చేతులు వణికింది చూసిన, ఉస్తాద్."

"నేను అడిగింది అది కాదు."

ఎవరి వైపు సీల్ వాళ్లం వేశాం. ఒకే బండి కింద, ఒకరి మొహం ఒకరికి కనబడకుండా. నేను నాలుగుసార్లు కొలిచి కొట్టాను. నా వైపు పొడిగా ఉంటుందని నాకు తెలుసు. అది తెలిసి ఉండటంలో ఒక చల్లటి సంతోషం ఉన్నదని ఇప్పుడు ఒప్పుకోవాలి.

ఆదివారం బయలుదేరే ముందు గేర్‌బాక్స్ రెండు పక్కలనూ పెట్రోలు గుడ్డతో శుభ్రంగా తుడిచి, ముఖానికి రాసుకునే పౌడర్ చల్లాను. ఇది మంచి పద్ధతి, తమ్ముళ్లూ. నూనె ఎక్కడ పుట్టినా తెల్లటి పొడి మీద దాని దారి కనబడుతుంది. కారిన చోటు ఒకటి, మరక పడ్డ చోటు ఇంకొకటి అవుతుంటాయి. పొడి మాత్రం అబద్ధం చెప్పదు.

ఆ ప్రయాణం నాకు ఇప్పటికీ నిజంగా జరిగినట్టుండదు. అయ్యగారు నిదానంగా నడుపుతున్నారు. భోకర్ దాటాక పత్తిచేలు రెండు వైపులా తెల్లగా విచ్చుకుని, ఎవరో ఆకాశాన్ని దులిపితే రాలినట్టు కనబడ్డాయి. తర్వాత టేకుచెట్లు మొదలయ్యాయి. పెద్ద పెద్ద ఆకుల మీద ఎండ ఎర్రగా పండింది. ఒక్కో మలుపులో వెలుగు, ఒక్కో మలుపులో నీడ. ఆ నీడల్లో నేను కునికాను. కునుకులో రెండు చేతులు కనబడ్డాయి, వాషర్‌ను పట్టుకోబోతూ. అవి ఎవరివో చూద్దామని తల ఎత్తేలోపు మళ్లీ వెలుగు కళ్లలో పడేది.

గోకుందలో ఆరాధన జరిగే ఇంటి ముందు బండి ఆపారు. లోపల చాపలు పరుస్తున్నారు. నేను బండి చల్లారక ముందే గోనెసంచి పరుచుకుని కిందికి దూరాను.

కుడివైపు తడిసింది. పౌడర్ మీద నూనె సన్నటి కాలువలాగా దిగింది. ఉస్తాద్ వైపు.

ఎడమవైపు తల తిప్పాను. అదీ అంతే తడిసింది. అదే వెడల్పు కాలువ, అదే పొడవు. నా వైపు.

చేతిలో గుడ్డ ఉంది. ఒక్కసారి తుడిస్తే చాలు. కింద నేను ఒక్కణ్ణే. లోపల అయ్యగారు ఎవరినో పలకరిస్తున్న మాట వినబడుతున్నది. ఆ గుడ్డను నేను ఎడమవైపుకు ఎత్తాను. ఈ మాట రాయడానికి నాకు ఇన్నేళ్లు పట్టింది. ఎత్తాను, తుడవలేదు. నన్ను ఆపింది ఏ వాక్యమూ కాదు. నాకు కంఠతా వచ్చిన అన్ని వాక్యాల్లో ఒక్కటీ ఆ క్షణంలో గుర్తురాలేదు. నా చేయి వణికింది. అంతే. దాన్ని చూసి భయమేసి గుడ్డ కింద పడేశాను.

అలా కాసేపు పడుకుని ఉన్నాను. గట్టిచేతితో వేసిన సీల్, వణికే చేతితో వేసిన సీల్, రెండూ ఒక్కలాగే కారితే తప్పు చేతుల్లో లేదు. మరి ఎక్కడుంది? నూనె ఎంత పోయిందో చూద్దామని పానా తీసి, నూనె పోసే రంధ్రానికి ఉన్న బోల్టును వదులు చేశాను. అది ఊడీ ఊడకముందే ఉస్సుమని గాలి బయటికి వచ్చింది. మూత వేసి మరిగించిన కుక్కర్ లాగా. వెచ్చటి గాలి, గంధకం వాసన, నా ముఖం మీద.

అప్పుడు తెలిసింది. గేర్లు తిరిగి తిరిగి లోపలి గాలి వేడెక్కి పెరుగుతుంది. అది పోవడానికి గేర్‌బాక్స్ నెత్తి మీద బొటనవేలి గోరంత చిన్న టోపీ ఉంటుంది, బ్రీదర్ అంటారు. అది మూసుకుపోతే గాలికి దారి ఉండదు. ఊళ్లో తిరిగితే అంత వేడెక్కదు, గోకుంద దాకా పరిగెత్తితే ఎక్కుతుంది. ఆ ఒత్తిడి నూనెను సీళ్ల పెదవుల సందులోంచి బయటికి నెడుతుంది. ఎన్ని కొత్త సీళ్లు వేసినా అంతే.

బయటికి వచ్చి బానెట్ ఎత్తి టార్చి వేశాను. ఆ టోపీ ఎక్కడుందో కూడా కనబడలేదు. అంతా ఒకటే వెండి. మూడు పూతల నా వెండిరంగు, దాని అంచు చుట్టూ మైనంలా గడ్డకట్టి ఉంది.

ఒక అమ్మ గాజులకు పెట్టుకున్న పిన్నీసు అడిగి తీసుకున్నాను. అంచు చుట్టూ గీరాను. వెండి పొలుసులు లేచాయి. టోపీని వేళ్లతో పట్టి తిప్పితే కదిలింది, పైకీ కిందికీ ఆడింది. తక్కువైన నూనె పోసి, ఆరాధనకు వెళ్లి వెనక గోడ దగ్గర కూర్చున్నాను. అందరూ పాడారు. నా పెదవులు కదిలాయో లేదో నాకు తెలియదు. కిటికీలోంచి సాయంత్రం ఎండ చాప మీద పడి, మెల్లగా ఒక మనిషి నుంచి ఇంకొక మనిషికి జరుగుతూ పోయింది. నా దాకా రాకుండానే మసకబడింది.

వచ్చేటప్పుడు దారిలో అయ్యగారికి చెప్పాను. ఆయన బండి వేగం తగ్గించారు. తర్వాత, "అయితే సేట్ దాకా ఆ మాట మోసింది నేనే గద" అన్నారు. మీరు తెలియక మోశారు అన్నాను. "ఆ మనవి నువ్వు తెలిసి పెట్టినవా మరి" అన్నారు. ఆ ప్రశ్న దయతో అడిగారో, నిజంగానే అడిగారో ఇప్పటికీ తేల్చుకోలేదు.

సోమవారం గ్యారేజీలో అందరూ ఉండగా సేట్ దగ్గరికి వెళ్లి చెప్పాను. రెండు వైపులా కారిందనీ, బ్రీదర్ మూసుకుపోయిందనీ. పెయింటు వేసింది ఎవరని ఆయన అడిగాడు. నేనే అన్నాను. ఉస్తాద్ బల్ల దగ్గర నిలబడి వింటున్నాడు. వచ్చి బానెట్‌లోకి తొంగి చూసి, ఆ వెండి మీద వేలు రాశాడు. పనివాళ్లు నవ్వాపుకుంటున్నారు.

"బండి ముక్కు నువ్వు మూసి, దానికి దమ్మాడక చెమటలు పడితే దవాఖానకు నన్ను పంపుదామనుకున్నవా, పాద్రీ సాబ్?"

అందరూ నవ్వారు. సేట్ కూడా నవ్వాడు. గేర్‌బాక్స్ బల్ల మాట మళ్లీ ఎత్తలేదు. ఉస్తాద్ మాత్రం నవ్వలేదు, నేనూ నవ్వలేదు.

ఒత్తిడికి సాగిపోయిన సీళ్లు ఇక పనికిరావు. రెండూ మళ్లీ మార్చాలి. సేట్ అడగకముందే నేను లైటు పట్టుకుని ఉస్తాద్ పక్కన పడుకున్నాను. ఆయన కొత్త సీల్ లోపలి అంచుకు నూనె రాస్తున్నప్పుడు వేళ్లు వణికాయి. దాన్ని రంధ్రం ముందు పెట్టి బిస్మిల్లా అన్నాడు. వణుకు ఆగిపోయింది. రబ్బరు అంచు ఇనుము మీద ఆనిన క్షణం నుంచి, అది లోపలికి సమంగా జారి కూర్చునేదాకా, ఆ చేతులు తూకం నిలబడ్డ త్రాసులా ఉన్నాయి. సీల్ కూర్చోగానే మళ్లీ వణికాయి. అన్నేళ్లు పక్కనే పనిచేసి ఆ ఒక్క క్షణాన్ని నేను ఒక్కసారీ చూడలేదు. జారిపోయిన వాషర్ దగ్గరే నా చూపు ఆగిపోయింది.

తర్వాత రెండుసార్లు గోకుంద వెళ్లి వచ్చినా, అయ్యగారి వాకిట్లో బండలు పొడిగా ఉన్నాయి.

ఆ తర్వాతి శుక్రవారం సాక్ష్యం చెప్పడానికి లేచాను. మా సంఘంలో మనవి పెట్టడం వాడుక, జవాబు వస్తే కృతజ్ఞత చెప్పడం వాడుక, మనవిని వాపసు తీసుకోవడం మాత్రం నాకు ముందు ఎవరూ చేయలేదు. నెల పైనుంచి మీరందరూ ఒక మనిషి చేతుల కోసం ప్రార్థించారు, ఆ చేతుల్లో ఏ తప్పూ లేదు, తప్పు చేసిన చేతులు ఇవి అని చెప్పాను. ఎవరూ కళ్లొత్తుకోలేదు. ఎవరికీ ఏం చేయాలో తెలియక, అయ్యగారు తలలు వంచమన్నారు. చాలాసేపు ఎవరూ ఏమీ పలకలేదు. మా సంఘంలో నేను విన్న ప్రార్థనల్లో అదే మంచిది.

మర్నాడు ఉస్తాద్‌కు ఆ సంగతి చెప్పాను. మీ కోసం పెట్టిన మనవి తీసేసుకున్నాను, మా వాళ్లు ఇక ప్రార్థించరు, నన్ను మాఫ్ చేయండి అన్నాను. ఆయన బల్ల తుడుస్తూ విన్నాడు. గుడ్డ మడిచి పక్కన పెట్టాడు.

"ఎందుకు ఆపించినవ్?"

నాకు అర్థం కాలేదు. ఆయన రెండు అరచేతులూ దోసిలి పట్టి నాకు చూపించాడు. అవి వణుకుతున్నాయి.

"నమాజ్‌కు ముందు మొకం చేతులు కడుక్కుని వజూ చేసుకునేటప్పుడు దోసిట్ల నీళ్లు నిలుస్తలెవ్వు. మొకం దాకా అచ్చేసరికి సగం కారిపోతున్నయి. నమాజ్‌కు అదే రంది నాకు. సీల్‌కు కాదు."

మళ్లీ మనవి పెట్టనా అని అడిగాను. పెట్టమన్నాడు. ఏమని చెప్పాలో కూడా ఆయనే చెప్పాడు. తర్వాతి శుక్రవారం నేను లేచి ఆ మాటలే చెప్పాను. నా మాట ఒక్కటీ కలపలేదు.